రక్షణ పద్దు: నల్లగొండ నుంచి ఒక మాట

సంపాదకులకు నమస్కారం.

శాంతి కోరే దేశానికి ఇంత సైన్యం దేనికి, ఆ సొమ్ముతో బడులు, ఆసుపత్రులు కట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ వినిపిస్తుంది. 2025-26లో కేంద్రం రక్షణ శాఖకు సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించింది కనుక దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల వాళ్లు అడిగితే అసలే తోసిపుచ్చలేం. అయినా ఈ జిల్లా చరిత్ర ఎరిగినవాళ్లు ఆ ప్రశ్నకు ‘సైన్యం అక్కరలేదు’ అని జవాబివ్వలేరని నా అభిప్రాయం.

1946 నుంచి నల్లగొండ పల్లెలు దొరల గడీలను, వాటికి అండగా నిలిచిన నిజాం పాలనను వడిసెలలతో, కర్రలతో ఎదిరించాయి. 1947 నవంబరులో ఢిల్లీ ప్రభుత్వం నిజాంతో యథాతథ ఒప్పందం చేసుకుని నెలల తరబడి సంప్రదింపులు సాగించింది. ఆ నెలల్లోనే నిజాంకు అండగా నిలిచిన సాయుధ దళం రజాకార్ల దాడులు పెచ్చుమీరాయి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో ఊరి బురుజును ఆసరా చేసుకుని పోరాడిన జనాన్ని 1948 ఆగస్టులో ఊచకోత కోశారు. ఆ తరువాతి నెల 13న ‘పోలీసు చర్య’ పేరిట భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. చర్చలు జరపడం తప్పని నేను అనడం లేదు, జరపవలసిందే. కానీ ఎదుటి పాలకుడు తన ప్రజలకే జవాబు చెప్పనివాడైనప్పుడు, వెనుక బలం లేని చర్చ అతనికి గడువు పెంచడానికి మాత్రమే ఉపయోగపడుతుంది.

నిరంకుశ ప్రభుత్వాల లెక్క ఎలా ఉంటుందో లద్దాఖ్‌లో చైనా సరిహద్దు దగ్గరి గల్వాన్ లోయ చూపింది. 2020 జూన్ 15 రాత్రి అక్కడ మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ సంగతి మరునాటికే దేశమంతటికీ తెలిసింది, ప్రతిపక్షాలు ప్రభుత్వాన్ని నిలదీశాయి. చైనా మాత్రం తన వైపు నలుగురు మరణించారని 2021 ఫిబ్రవరిలో గాని ఒప్పుకోలేదు. చనిపోయిన సైనికుల గురించి తల్లిదండ్రులకు, పార్లమెంటుకు, పత్రికలకు సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేని ప్రభుత్వాన్ని లోపలి నుంచి ఆపగలవాళ్లు దాదాపు ఎవరూ ఉండరు. అటువంటి ప్రభుత్వం దాడికి దిగే ముందు వేసుకునే లెక్కలో పెద్ద అంకె ఎదుటివాడి సైనిక బలమే. 1962లో చలికి సరైన దుస్తులు, చేతికి సరైన తుపాకులు లేకుండా హిమాలయాలపై నిలబడిన మన జవాన్లు ఆ అంకె చిన్నదైతే ఏమవుతుందో అనుభవించారు.

ఉక్రెయిన్ సంగతి మరీ ఘోరం. తన నేలపై ఉన్న సోవియట్ కాలపు అణ్వాయుధాలను అది వదులుకున్నందుకు ప్రతిగా, దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు చేశాయి. 2014లో రష్యా క్రిమియాను కలుపుకుంది, 2022 ఫిబ్రవరి 24న దేశం మొత్తం మీద పడింది. కాగితం ఉక్రెయిన్ చేతిలోనే ఉంది. ఆ దేశం ఇంతకాలం నిలబడగలిగిందంటే అది తన సైన్యం వల్ల, ఆలస్యంగానైనా అందిన ఆయుధాల వల్ల. దశాబ్దాల పాటు సైనిక కూటములకు దూరంగా ఉన్న ఫిన్లాండ్, స్వీడన్‌లు ఆ తరువాత నాటోలో చేరడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. గాంధీజీ పేరు చెప్పి వాదించే మిత్రులు, 1947 అక్టోబరులో కశ్మీరుకు సైన్యాన్ని పంపడాన్ని ఆయన వ్యతిరేకించలేదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకుంటే మంచిది.

అయితే నల్లగొండ అనుభవానికి రెండో సగం కూడా ఉంది. నిజాంను దించిన సైన్యాన్నే 1951 దాకా కమ్యూనిస్టుల అణచివేత పేరిట ఇక్కడి రైతుల మీద ప్రయోగించారు. పోలీసు చర్య సమయంలో, ఆ వెంటనే హైదరాబాద్ సంస్థానంలో ముస్లింలపై జరిగిన హత్యాకాండను కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నమోదు చేస్తే, ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. బలం కావాలని వాదించేవాళ్లు దీన్ని దాచకూడదు. నిరంకుశ రాజ్యానికీ మనకూ తేడా మిగలాలంటే సైన్యం ఎన్నికైన ప్రభుత్వం చేతిలో, ఆ ప్రభుత్వం పార్లమెంటు నిఘాలో ఉండాలి.

అందుకే నా కోరిక చిన్నది. బడ్జెట్ సమావేశాల్లో చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్క గంపగుత్తగా ఆమోదం పొందుతున్నాయి. రక్షణ పద్దుకు ఆ గతి పట్టకూడదు. 2025-26లో సుమారు 1.6 లక్షల కోట్లు పింఛన్లకే కేటాయించిన పద్దులో కొత్త ఆయుధాలకు, సరిహద్దు రోడ్లకు ఎంత మిగులుతోందో, కొనుగోళ్లు ఏళ్ల తరబడి ఎందుకు ఆలస్యమవుతున్నాయో మన నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు సభలో అడగాలి. రక్షణ వ్యవహారాలను పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికల సారాంశాన్ని మీ పత్రిక కూడా తెలుగులో అచ్చువేయాలని మనవి.

– ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా