పాటల మామ

మైదుకూరు,
శనివారం రాత్రి.

ప్రియ మిత్రమా,

మనం పాటల మామ అని పిలుచుకున్న ఆయనకు ఈ రోజే పదకొండో దినం జరిగింది. ఆ రోజు ఫోనులో నీకు చెప్పిన నాలుగు మాటలతో నా మనసు తేలికపడలేదు. అందుకే ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

సందు చివర ఆయన కుట్టుమిషను పెట్టుకున్న చిన్న గది నీకు గుర్తుండే ఉంటుంది. మెడలో టేపు వేసుకుని, మిషను తొక్కుతున్న చప్పుడునే తాళంగా చేసుకుని, బ్రహ్మంగారి తత్వాలు పాడుకుంటూ రవికెలు కుట్టేవారు. చరణం చివర గొంతు పైకి లేచినప్పుడు కాలు ఆగిపోయేది, మళ్లీ పల్లవి అందుకోగానే సూది కదిలేది. బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పాట అయ్యేదాకా గడప దగ్గరే నిలబడేవారు.

ఏటా వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన చూడటానికి మనల్ని బ్రహ్మంగారి మఠానికి వెంటబెట్టుకుని వెళ్లేవారు కదా! స్వామి 1693లో జీవసమాధిలో ప్రవేశించిన తిథి అదేనని నేను మొదట విన్నది బడిలో కాదు, కిక్కిరిసిన ఆ బస్సులో, హార్మోనియం పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మామ నోటివెంట. దూదేకుల సిద్ధయ్య స్వామికి ప్రియ శిష్యుడైన కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు ప్రతిసారీ బొంగురుపోయేది. అయితే ఆయనకు అన్నింటికన్నా ఇష్టమైన విషయం మరొకటి ఉండేది. అంతటి స్వామి కూడా గోవిందమ్మగారితో కాపురం చేసి, పిల్లలను కని, కందిమల్లాయపల్లెలో వడ్రంగం పనితో పొట్టపోసుకున్నారని చెప్పి, "సంసారం అడ్డమని ఎవరన్నా అంటే నమ్మొద్దురా అబ్బీ" అనేవారు.

ఆ మాటను ఆయన ఎంత నిష్ఠగా పాటించారో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. ఎంత దూరం నుంచి పిలుపు వచ్చినా, రాత్రి భజన ముగించి తెల్లవారేసరికి ఇల్లు చేరగలిగితేనే ఒప్పుకునేవారు. ముగ్గురు ఆడపిల్లలకు జడలు వేసి బడికి పంపడం ఆయన పని. నెలల తరబడి ఊళ్లు తిరిగే నాటక బృందం వాళ్లు మంచి సంపాదన ఉంటుందని ఎంతగా బతిమాలినా వెళ్లలేదు. అందువల్ల కేసీ కాలువ వెంట ఉన్న పల్లెలు దాటి ఆయన పేరు పెద్దగా వినిపించలేదు. అది ఆయనకు లోటుగా అనిపించిందని నేను అనుకోను, నాకు మాత్రం కొన్నిసార్లు అనిపించింది.

నువ్వు ఊరు విడిచిన తరువాత అత్తకు పక్షవాతం వచ్చింది. రెండేళ్లు మంచానికే పరిమితమైన ఆమెకు వంట చేసి, తలదువ్వి, సంగటిలో పప్పు కలిపి చిన్న ముద్దలుగా తినిపించింది మామే. శనివారం భజన అప్పటిదాకా రామాలయంలో జరిగేది. ఆమె వినలేకపోతోందని ఆయన పెద్దలను అడిగి దాన్ని తన ఇంటి అరుగు మీదికి మార్పించారు. చెక్కభజన కుర్రాళ్లం వీధిలో అడుగులు వేసేవాళ్లం, డోలక్ మెట్టు మీద ఉండేది, మామ మాత్రం తలుపుకు ఆనుకుని, లోపల మంచం కనిపించేటట్టు పక్కకు తిరిగి కూర్చుని పాడేవారు. ఆమెకు మాట సరిగా రాకపోయినా, తనకు నచ్చిన చరణం మళ్లీ కావాలంటే ఎడమచేత్తో మంచం పట్టెను తట్టేది. ఆయన వెంటనే ఆ చరణం మళ్లీ ఎత్తుకునేవారు. ఆ తట్టు ఇప్పటికీ నా చెవిలో వినిపిస్తూనే ఉంది.

ఆయన పోయిన రాత్రి, మన వైపు ఆనవాయితీ ప్రకారం, శవం దగ్గర తెల్లవార్లూ తత్వాలు పాడాలి. ఊళ్లో ఎవరు పోయినా ఆ పని ఆయనే చేసేవారు కనుక, ఎవరు మొదలుపెట్టాలో తెలియక అందరం తలవంచుకుని కూర్చున్నాం. అప్పుడు చిన్నకూతురు లోపలి నుంచి హార్మోనియం తెచ్చి మూత తెరిచింది. మూత లోపలి వైపు, బట్టల మీద గీసే సుద్దతో, పాడవలసిన పాటల మొదటి మాటలు వరుసగా రాసి ఉన్నాయి. ఆరాధనకు రాసుకున్న వరుసో, తన కోసమే రాసుకున్నదో ఎవరం అడగలేదు. ఆ పిల్ల ఆ వరుస ప్రకారమే పాడింది. మొదటి పల్లవికి గొంతు వణికింది కానీ రెండో పాట నుంచి, చరణం చివర ఆగే ఆ ఆగడంతో సహా, అచ్చంగా మామే పాడుతున్నట్టు ఉంది. మేమందరం ఏడుస్తూనే వంత పాడాం.

ఆ వరుసలో అయిదో పాట ఆమెకు పల్లవి వరకే వచ్చు, మాలో ఎవరికీ చరణాలు గుర్తులేవు. పదో తరగతి చదివేటప్పుడు మీ నాన్నగారి టేప్ రికార్డరు మఠానికి తెచ్చి, ఒక రాత్రంతా మామ పాటలు క్యాసెట్టులో ఎక్కించావు కదా. అది మీ పాత పెట్టెలో ఉందేమో దయచేసి వెతుకు. దొరికితే పోస్టులో పంపవద్దు, నువ్వే తీసుకుని రా. వచ్చే శనివారం భజన మళ్లీ ఆ అరుగు మీదే పెట్టుకున్నాం.

ఇట్లు,
నీ మిత్రుడు