సముద్రంలో ఉన్న న్యాయం మా చెరువుకు ఎందుకు లేదు?

మత్స్యశాఖ మంత్రి గారికి, నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా, సముద్రం మాకు చాలా దూరం. అయినా నడిసముద్రంలో ఆయిల్ ఒలికితే డబ్బు ఎవరు కడతారో మీకు చెప్పాలనిపించింది, ఎందుకంటే మా చెరువులకు కావాల్సింది అచ్చంగా అదే పద్ధతి.

1967లో టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్ దగ్గర రాళ్లకు గుద్దుకుని ముడిచమురు సముద్రం పాలైతే, 1969లో చాలా దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది దాని 1992 రూపం, మన దేశమూ అందులో ఉంది. 2,000 టన్నులు మించి ముడిచమురు మోసే ట్యాంకర్‌కు ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. తప్పు ఎవరిదో జాలరి నిరూపించక్కర్లేదు, ఆయిల్ ఆ ఓడదని, దానివల్ల నష్టపోయానని చూపిస్తే చాలు, నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీనే అడగొచ్చు. అది చాలకపోతే లండన్‌లో ఆఫీసున్న అంతర్జాతీయ నిధి ఇస్తుంది. ఆ నిధికి చందా కట్టేది ఏడాదికి లక్షన్నర టన్నులు దాటి సముద్రం మీదుగా ఆయిల్ తెప్పించుకునే కంపెనీలు. పాడైన వలలు, వేట ఆగిన రోజుల ఆదాయం కూడా లెక్కలోకి వస్తాయి. దానికీ ఒక పరిమితి ఉంది, ఆలస్యాలూ ఉన్నాయి, కానీ అడగడానికి ఒక చోటంటూ ఉంది కదా!

మరి మా దగ్గర? మత్స్యకారుల సహకార సొసైటీ వాళ్లు చేపపిల్లలు వదిలి నెలల తరబడి కాపలా కాస్తారు. వాన పడ్డ రాత్రి చూసుకుని పైన ఎవడో ఫ్యాక్టరీ నీళ్లు వదిలేస్తాడు, తెల్లారేసరికి రవ్వులు, బొచ్చెలు కట్ట పొడవునా తెల్లగా తేలి ఉంటాయి, ఆ వాసనకు అక్కడ నిలబడలేం. మా చెరువులో అలా అయినప్పుడు సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు, ఎవరి నీళ్లో తేలలేదన్నారు. అంతే, అప్పులు మాత్రం మా వాళ్ల నెత్తిన మిగిలాయి.

ప్రమాదకర పదార్థాలు వాడే ఫ్యాక్టరీలు బాధితుల పరిహారం కోసం ఇన్సూరెన్స్ తీసుకోవాలనే 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఉంది కదా అంటారేమో. అది ప్రమాదాల కోసం రాసింది, రాత్రిపూట దొంగచాటుగా తిప్పే వాల్వ్ కోసం కాదు.

అందుకే అడుగుతున్నా, చెరువులకు ఎగువన కెమికల్ నీళ్లు వచ్చే ప్రతి ఫ్యాక్టరీ నుంచి చందా వసూలు చేసి జిల్లాకో నిధి పెట్టండి. ఎవరు వదిలారో తేలే దాకా ఆగకుండా ముందు సొసైటీకి డబ్బు ఇచ్చి, తర్వాత దొరికినవాడి దగ్గర రాబట్టుకోండి. ప్రతి సొసైటీకి ఒక రిజిస్టర్ ఇచ్చి, ఎన్ని పిల్లలు వదిలారో, ఎన్ని కిలోలు పట్టారో మీ శాఖ సంతకంతో రాయించండి, రేపు నష్టం లెక్కకు అదే రుజువు అవుతుంది. ఈ రిజిస్టర్‌కు కొత్త చట్టం కూడా అవసరం లేదు, వచ్చే సీజన్ పిల్లలు వదిలే రోజే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక సొసైటీ సభ్యుడి కొడుకు,
నల్లగొండ జిల్లా