సంధి మాటలు వినే తీరిక నర్సులకు ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

గత వర్షాకాలంలో మా నాన్నగారు న్యుమోనియాతో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో తొమ్మిది రోజులు ఉన్నారు. వయసు 81, డెల్టా కాలువల మీద లస్కరుగా, అంటే గట్లూ నీళ్లూ చూసుకునే ఉద్యోగిగా, పనిచేసి రిటైరైన మనిషి. మూడో రాత్రి నుంచి మానిటరు మోగినప్పుడల్లా "గట్టు జారిపోతోంది, ఇసుక బస్తాలు తెండి" అంటూ, 1986 ఆగస్టు గోదావరి వరదలో కాపలా కాసిన నాటిలాగే మంచం దిగబోయేవారు. సెలైన్ సూది పీకేసుకోవడంతో రెండు చేతులనూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టేశారు. బంధువులు మతి పోయిందన్నారు, గాలి సోకిందన్నారు. మన పెద్దలు సంధి అన్నదాన్నే వైద్యులు డెలిరియం అంటారనీ, అది పిచ్చి కాదనీ, ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, నిద్రలేమి, కొన్ని మత్తుమందులు కలిసి మెదడును తడబాటుకు గురిచేస్తాయనీ మాకు విడమరచి చెప్పింది నైట్ డ్యూటీ నర్సు ఒకామె.

చేర్చుకున్నప్పుడు కవరులో పెట్టి మాకు అప్పగించిన కళ్లజోడు, చెవి మిషను తెప్పించి ఆమే పెట్టింది. కట్లు విప్పి, చేయి పట్టుకుని, "తాతగారూ, ఇవాళ మంగళవారం, రాత్రి పదైంది, మీరు ఆసుపత్రిలో ఉన్నారు, గట్టు బాగానే ఉంది" అని గంటగంటకూ చెప్పేది. అక్షరాలు ఒక్కొక్కటిగా చదువుతూ 'అ' వినబడితే తన చేయి నొక్కమనేది. మొదట్లో ఆయన అన్నిటికీ నొక్కేవారు. 2001 నుంచి వాడుకలో ఉన్న, రెండు మూడు నిమిషాల్లో డెలిరియంను కనిపెట్టే పరీక్షలో ఇదొక భాగమట. ఇంగ్లీషు అక్షరాలు రాని వారిని తెలుగులోనే అడగాలన్న ఆలోచన మాత్రం ఆమెది. పక్క మంచం మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న ముసలమ్మకూ ఇదే జబ్బని ఆమె కనిపెట్టింది. గొడవ చేయరు కాబట్టి అలాంటి వారిని ఎవరూ పట్టించుకోరు.

ఆ రాత్రి ఆమె ఒక్కతే ఐదుగురిని చూస్తోంది. అందుకే కట్లు కట్టిన వారిని నేను తప్పుపట్టలేను. వెంటిలేటరు మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్న నియమం కాగితం మీదే ఉంటే, మంచం పక్కన నిలబడి మాట్లాడే తీరిక ఎక్కడి నుంచి వస్తుంది? సంధి వచ్చిన రోగులకు మానసిక వ్యాధి మందులను అలవాటుగా వాడవద్దనీ, నిద్ర, కదలిక, చూపు, వినికిడి మీద శ్రద్ధ పెట్టమనీ 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలే చెప్పాయి. కాకినాడ, అమలాపురం, భీమవరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల ఖాళీలు ఎన్ని ఉన్నాయో ఆరోగ్యశాఖ ప్రకటించి భర్తీ చేయాలని, ఈ పరీక్షను తెలుగులో చేయడం నేర్పాలని, ఉదయం, సాయంత్రం ఇంటి మనిషిని ఒకరిని రోగి దగ్గర కూర్చోనివ్వాలని కోరుతున్నాను. కళ్లజోడూ చెవి మిషనూ తీసి బంధువులకిచ్చే పద్ధతిని మాత్రం ఆసుపత్రులు ఈ రోజే మానుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజోలు