పాత బండికి ఉన్నవి ఎవరి షాక్ అబ్జార్బర్లు?

సంపాదకులకు నమస్కారం.

సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొనేవారు ఇంజిన్ శబ్దం వింటారు, మీటరు చూస్తారు, ఆర్సీలోని చాసిస్ నంబరు సరిపోల్చుకుంటారు గానీ, వెనుక చక్రానికి అటూ ఇటూ ఉన్న షాక్ అబ్జార్బర్లు బండితో వచ్చినవా, తర్వాత బయట కొని బిగించినవా అన్నది చాలామంది పట్టించుకోరు. బయటి సామాను వేయించుకోవడం తప్పని నేననను. మంచి రకమైతే బండి నడక బాగుపడుతుంది కూడా. కొనేవారికి ఆ సంగతి చెప్పకపోవడమే నా అభ్యంతరం.

మురికి తుడిచి చూస్తే షాక్ అబ్జార్బర్ మీద తయారీదారు పేరో, పార్టు నంబరో చాలావరకు కనిపిస్తుంది. మన బళ్లకు వాటిని ఎండ్యూరెన్స్, గాబ్రియెల్, ముంజాల్ షోవా వంటి సంస్థలు తయారుచేసి ఇస్తాయి కాబట్టి, బండి కంపెనీ పేరు లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. అంతకన్నా నమ్మదగిన ఆనవాలు బోల్టుల దగ్గర దొరుకుతుంది: బుష్ (బోల్టు దూరే రంధ్రంలోని గొట్టం) వెడల్పు కుదరక పక్కన అదనపు వాషర్లు ఇరికించి ఉంటే, అది ఆ బండికోసం చేసింది కాదని దాదాపు తేలిపోయినట్టే. మామూలుగా మెయిన్ స్టాండ్ వేస్తే వెనుక చక్రం గాల్లో తిరిగే బండికి పొడుగు షాక్‌లు వేస్తే చక్రం నేలను వదలదు. పొట్టివి వేస్తే, ఇద్దరెక్కి గతుకులో పడ్డప్పుడల్లా టైరు రాసుకుని మడ్‌గార్డు లోపలివైపు నున్నటి చారలు పడతాయి.

ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకునే ఫోర్కుల రంగులో తేడా ఉంటే ఒక వైపుదే ఎందుకు మార్చారో అడగాలి. ప్రమాదం జరిగి ఉండవచ్చు. కొలతలూ పనికొస్తాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్లాసిక్ 350కి ఫోర్కు పైపులు 35 మిల్లీమీటర్లవి కాగా, 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌కు 41 మిల్లీమీటర్లవి. ఇలాంటి బళ్లకు వెనుక చక్రానికి, గ్యాస్ నింపే చిన్న డబ్బా తగిలించి ఉన్న షాక్‌లు వేయించడం ఇప్పుడొక మోజు, కానీ కొన్ని చవక రకాల్లో ఆ డబ్బా ఉత్త అలంకారమే. సీటును గట్టిగా నొక్కి వదిలితే బండి పైకి లేచి కుదురుకోవాలి. ఊగుతూనే ఉంటే లోపల పస లేదన్నమాట.

పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తమ దగ్గరున్న బండి ఎందుకు, ఎంత దూరం తిరిగిందో కూడా వారు నమోదు చేయాలి. అంత లెక్క రాసేవారికి, మార్చిన సస్పెన్షన్, బ్రేకు భాగాలేవో అమ్మకపు రసీదులో రాయడం భారం కాబోదు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు దాన్ని తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. నేరుగా యజమాని దగ్గర కొనేవారు యాజమాన్యం బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యే లోపే ఈ విషయం తేల్చుకుని, బండితో వచ్చిన అసలు షాక్‌లు ఇంట్లో ఏ అటక మీదో ఉంటే వాటినీ అడిగి తీసుకోవడం మంచిది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ