సైకిళ్లకు కప్పు, బస్సుకు దిక్కు లేదు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ పడమటన కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్ల మీద మొన్న ఆదివారం మీరు వేసిన వార్తలో ఎకరం ధర ఉంది, అంతస్తుల లెక్క ఉంది. అక్కడ చేరబోయేవాళ్లు పొద్దున పనికి ఎట్లా పోతారన్నది మాత్రం లేదు. తప్పు మీ విలేకరిది కాదు లెండి, అనుమతి నియమాల్లోనే ఆ ప్రశ్న లేదు.

భవనాల అనుమతి నియమాలున్న 2012 నాటి జీవో 168 తీసి చూడండి. మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, లేదు. ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలిన ఖాళీని బట్టి ఎత్తు. 55 మీటర్లు దాటాలంటే గేటు ముందు 30 మీటర్ల రోడ్డు చూపించాలి. ఆ రోడ్డు అవతల ఏ ఇరుకు జంక్షన్‌లో కలుస్తుందో, ఇంకెన్ని టవర్లు అదే రోడ్డును చూపించాయో కూడేవాడు లేడు. ఒకే పొలాన్ని పది బ్యాంకుల్లో తాకట్టు పెట్టినట్టుంది వ్యవహారం. కార్ల పార్కింగుకు శాతం లెక్కన జాగా తప్పనిసరి. బస్సు ఆగడానికి మాత్రం జానెడు వదలమని లేదు.

2023 ఆగస్టు వేలంలో కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్లో ఎకరం రూ.100.75 కోట్ల దాకా పలికింది. మొత్తం రాబడి రూ.3,300 కోట్ల పైమాటే. మెట్రో మాత్రం 2019 నవంబరులో రాయదుర్గం చేరి అక్కడే ఆగింది. అక్కడి నుంచి నియోపోలిస్‌కు 11.6 కిలోమీటర్ల లైను ప్రతిపాదన 2024లో ఢిల్లీకి వెళ్లింది. బిల్డర్ల బ్రోషర్లలో మాత్రం ఆ రైలు ఎప్పుడో నడుస్తోంది!

కోకాపేటవాళ్లకు కార్లున్నాయి, ఏదో తంటాలు పడతారు. మరి కొల్లూరు? ప్రభుత్వం పేదలకు కట్టిన 117 బ్లాకుల్లో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు, 2023 జూన్‌లో ప్రారంభం. లాటరీలో ఇల్లు తగిలింది నగరంలోని బస్తీలవాళ్లకు. ఇల్లు మారింది గానీ పనిచేసే చోటు మారలేదు. ఇళ్లన్నీ నిండి, రెండిళ్లకు ఒక్కరు ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య బస్సెక్కినా 7,830 మంది. బస్సుకు 60 మందిని కుక్కితే 131 ట్రిప్పులు. లింగంపల్లి దాకా పోయి రావడానికి గంటన్నర పట్టిందనుకుంటే, మూడు గంటల్లో ఒక బస్సు రెండు ట్రిప్పులే వేయగలదు. అంటే 66 బస్సులు. ఇళ్లు కట్టిన నాడు ఈ చిన్న హెచ్చవేత ఏ దస్త్రంలోనైనా వేశారా?

బస్సు వేసినా తిప్పుకోవడానికి చోటు కావాలి. 12 మీటర్ల బండి వెనక్కి తీయకుండా తిరగాలంటే సుమారు 25 మీటర్ల ఖాళీ ఉండాలి. అది లేకపోతే డ్రైవరు మెయిన్ రోడ్డు మీదే దింపేసి పోతాడు, మిగతాది ఆటోవాడి దయ. ఇక ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో, సీట్లు ఎంత శాతం నిండాయన్న ఆర్టీసీ లెక్క) అనే జబ్బు ఒకటుంది. నాలుగు ట్రిప్పుల్లో ఒకటి ఎగిరిపోతే జనం నమ్మకం పోయి షేర్ ఆటో ఎక్కుతారు. సీట్లు ఖాళీ అంటూ ఇంకో ట్రిప్పు కోస్తారు. ఆడవాళ్లకు ఉచితమట, మగవాళ్లకు 2025 అక్టోబరులో మూడు స్టేజీల దాకా 5, ఆపైన 10 రూపాయలు పెంచారు. రాని బస్సుకు టికెట్ ఎంతైతేనేం!

డబ్బు లేదంటారా? ఎత్తైన భవనాలపై ఇదే జీవో 168 కింద ఇంపాక్ట్ ఫీజు, అంటే ఊరి సౌకర్యాల మీద వాటి వల్ల పడే భారానికి రుసుము, వసూలవుతుంది. దాన్ని మిగతా సొమ్ములో కలపకుండా విడిగా ఎస్క్రో ఖాతాలో ఉంచి, సగం ఆ ప్రాంత సౌకర్యాలకే ఖర్చు పెట్టాలని రాసి ఉంది. బస్ బేలు (రోడ్డు పక్కకు బస్సు ఆగే జాగా), బండి తిరిగే చోటు, కండక్టరమ్మలకు ఓ మరుగుదొడ్డి ఇందులోంచి రావాల్సినవే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్ల సైకిల్ ట్రాకుకు సోలార్ పలకల కప్పు వేయడానికి డబ్బు కొరత అడ్డం రాలేదు. సరదాగా తొక్కేవాళ్లకు నీడ ఉండాల్సిందే, కాదనను. బస్సు కోసం నిలబడ్డ కూలీ నెత్తి మీద కూడా రెండు రేకులు వేయండి మరి.

ఆ ఎస్క్రో ఖాతాలో ఇప్పటిదాకా ఎంత పడింది, ఎంత తీశారు, దేనికి పెట్టారు అని మీ విలేకరితో అడిగించి అదే పేజీలో వేయండి. చోటు చాలకపోతే టవరు బొమ్మ కాస్త తగ్గించండి.

— ఒక పాఠకుడు, తెల్లాపూర్