మౌంట్ లారెల్ వైపు ఒకసారి చూడండి: మా మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారికి నమస్కారం.

మన న్యూజెర్సీ టౌన్‌షిప్‌లో తక్కువ అద్దె ఇళ్లు వస్తాయనగానే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే టెన్షన్. ఇళ్ల ధరలు పడిపోతాయట, స్కూళ్లు పాడవుతాయట.

మన రాష్ట్రంలోనే ఉన్న మౌంట్ లారెల్ అనే ఊళ్లో ఇవన్నీ ఎప్పుడో అన్నారు. అక్కడ ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి మహిళ ముందు నిలిచిన కేసులో, ఎదుగుతున్న ఊళ్లు పేదల ఇళ్లకూ తమ వాటా చోటివ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆమె పేరిట కట్టిన ఇళ్లలోకి జనం చేరింది మాత్రం 2000లో. అప్పటికే ఆమె కన్నుమూశారు. ఒక తీర్పు గడప దాటడానికి పాతికేళ్లు! ఆ 140 ఇళ్ల వల్ల చుట్టుపక్కల ధరలు పడలేదు, నేరాలు పెరగలేదు, పన్నులూ పెరగలేదు. ప్రిన్స్‌టన్ పరిశోధకులు అలాంటి ఇతర ఊళ్లతో పోల్చి చూసి తేల్చిన సంగతి ఇది.

ఇక డబ్బు మాట. ఇలాంటి తక్కువ అద్దె ఇళ్లు కట్టడానికి ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, 1986లో వచ్చింది. అది ఫెడరల్ పన్నుది, మన ప్రాపర్టీ ట్యాక్స్‌ది కాదు. ఇన్వెస్టర్లు కట్టడానికి పెట్టుబడి పెడతారు, పదేళ్లపాటు వాళ్ల పన్ను తగ్గుతుంది. బదులుగా అద్దెలకు దశాబ్దాలపాటు పరిమితి ఉంటుంది. టౌన్‌షిప్ కూడా విడిగా రాయితీ ఇస్తుంటే, అదెంతో టౌన్‌షిప్ బహిరంగ సభలోనే చెప్పండి. దాచితే పుకార్లకే లాభం.

ఒక్క విన్నపం. ఆ ఇళ్లను హైవే పక్కకు నెట్టకండి. బస్సు, స్కూలు దగ్గరున్న చోటే స్థలం చూపండి. లాయర్ల ఫీజులతో ఇంకో పదేళ్లు సాగదీయకండి.

ఇట్లు,
మీ టౌన్‌షిప్ నివాసి