ఈ ఆదివారం శ్రీనివాసపురం మామిడి తోటకి

అందరికీ నమస్తే. ఆదివారం ఉదయం ఆరింటికల్లా గేటు దగ్గర ఉండండి. ఏడు దాటితే హోసకోట దగ్గరే ఎండెక్కిపోతుంది. శ్రీనివాసపురం కర్ణాటకలోని కోలారు దాటాక ఇంకో పాతిక కిలోమీటర్లు. అక్కడ రైతులు చాలామంది తెలుగే మాట్లాడతారు కాబట్టి, బేరానికి కన్నడం వెతుక్కోవాల్సిన పనిలేదు.

పోయినేడు మనం వెళ్లిన ‘ఫార్మ్ టూర్’ గుర్తుందిగా? టికెట్ కొని, తాడు కట్టిన చోట నిలబడి ఫొటోలు దిగి వచ్చాం. పిల్లలు ఒక్క కాయ కూడా కోయలేదు. ఈసారి అసలైన తోట. చిక్కం కర్రతో (చివర వలసంచి ఉన్న కర్ర) పిల్లలే కోస్తారు. ఒక్క మాట మాత్రం చెప్పి తీసుకురండి: తొడిమ వేలెడు ఉంచి కోయాలి. కాయ దగ్గరికంటా తుంచేస్తే సొన చిమ్ముతుంది. అది చర్మం మీద పడితే మంట, కాయ మీద పడితే నల్లమచ్చ. అందుకే ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు వేయండి.

అక్కడ బేనీషా అంటే మన బంగినపల్లే, బాదామి అంటే ఆల్ఫోన్సో. పచ్చడికైతే తోతాపురి చాలు. రసపూరి దొరికితే మాత్రం నాకు వదిలేయండి!

కోసినవి గట్టిగానే ఉంటాయి, కంగారు పడకండి. ఇంట్లో గడ్డిలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతాయి. పులిహోర నేను తెస్తాను. పెరుగన్నం ఎవరు తెస్తారో శుక్రవారంలోగా చెప్పండి.